మేధావి అనే మాట



మొన్నొక మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుకుంటున్నాను. ఈ రోజుల్లో పప్పులు ప్యాకెట్లలో శుభ్రంగానే వస్తున్నాయి, కాదనను. కాని మా అత్తగారి దగ్గర అబ్బిన అలవాటు. ఒకసారి చూడకుండా డబ్బాలో పొయ్యడానికి నాకు చెయ్యి రాదు. అంతలో మా అక్క కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఇక్కడే, అనకాపల్లిలోనే, డిగ్రీ చదువుతోంది.

"పిన్నీ, ఇంటెలెక్చువలిజం అంటే తెలుగులో ఏమంటారు? కాలేజీలో వక్తృత్వపు పోటీ ఉంది. దాని మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి" అంది.

"చేతిలో ఫోనుందిగా, చూడలేకపోయావుటే?" అన్నాను.

"చూశాను. ఒకచోట మేధోవాదం అని ఉంది. ఇంకోచోట బుద్ధివాదం అని ఉంది. రెండూ అర్థం కాలేదు. పోనీ నువ్వు మేధావివి గదా, చెప్పు" అని నవ్వింది.

పిల్ల సరదాకే అంది. నాకు మాత్రం చాటలో చెయ్యి ఆగిపోయింది. ఆ మాటతో నాకు పాత పరిచయం ఉంది. పరిచయం అనేకంటే పాత తగాదా అంటే సరిపోతుంది. ఆ తగాదా సంగతి కాసేపాగి చెబుతాను. ముందు మాట సంగతి చూద్దాం.

మేధావి అనేది సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాట. మేధ కలవాడు మేధావి. మేధ అంటే ఏమిటి? అమరకోశం చెప్పే ప్రకారం, విన్నదాన్ని జారిపోకుండా పట్టి నిలుపుకోగల బుద్ధి. అంటే ధారణ. పుస్తకాలు ఇంటింటా లేని కాలంలో, ఒకసారి విన్నది ఆజన్మాంతం గుర్తుంచుకున్నవాడే గొప్పవాడు. మన అవధానులకు ఇప్పటికీ అదే ప్రాణం. అంచేత ఆ రోజుల్లో మేధావి అంటే జ్ఞాపకశక్తి గలవాడనే అర్థమే ముందు తోచేదన్నమాట.

ఇక్కడొక తమాషా ఉంది. సంస్కృత నిఘంటువుల్లో మేధావి అనే మాటకు పండితుడు అనే అర్థంతో పాటు చిలుక అనే అర్థం కూడా ఉంది. నిజమేనండి, మన ఇంటి పంజరంలో చిలుకే! విన్నది విన్నట్టు అప్పగిస్తుంది గదా. మరి ఆడవాళ్ళ మాటేమిటి, మేధావిని అంటే ఎవరని చూస్తే, ఒక అర్థం బ్రహ్మదేవుడి భార్య, ఇంకో అర్థం గోరువంక జాతి పిట్ట. మన పెద్దలు ఏ ఉద్దేశంతో పెట్టారో గాని, ఆడదానికి ఆ బిరుదు దక్కాలంటే సరస్వతైనా కావాలి, పిట్టైనా కావాలి! మధ్యలో మనుషులకు చోటు దొరకలేదు కాబోలు.

ఇప్పుడు పత్రికల్లో కృత్రిమ మేధ అని రోజూ రాస్తున్నారు. ఏది అడిగినా ఫోనే చెప్పేస్తోంది. పట్టి నిలుపుకునే పని యంత్రానికి అప్పగించేశాక, ఇక మనిషికి మిగిలే మేధ ఏమిటి అని మా అక్క కూతురే అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు నాకు ఇంగ్లీషు మాటలోనే దొరికింది.

ఇంటెలెక్ట్ అనే మాటకు మూలం లాటిన్. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిదానికి మధ్య, నడుమ అని అర్థం. రెండోదానికి ఏరడం, ఎంచడం, పోగుచెయ్యడం అని అర్థం. చదవడం అనే అర్థం కూడా దానికే ఉంది, అక్షరాలు ఏరుకుంటేనే గదా చదువు! మొత్తం మీద ఇంటెలెక్ట్ అంటే, కలిసిపోయి ఉన్న వాటి మధ్య నుంచి ఇది వేరు, అది వేరు అని ఏరి పట్టుకోవడం. ఈ ముక్క చెప్పేసరికి మా పిల్ల నా చాట వంక చూసింది. నేనూ చూసుకున్నాను. అంత పెద్ద మాటకు మూలం, మనం ముప్ఫయి నలభయి ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనేనా అని ఇద్దరం నవ్వుకున్నాం.

మనకు సొంత మాట కూడా ఒకటుంది, తెలివి. స్పృహ తప్పి పడిపోయినవాడు కళ్ళు తెరిస్తే తెలివొచ్చింది అంటాం. మెలకువగా ఉండటమూ తెలివే, బుద్ధిగా ఆలోచించడమూ తెలివే. ఎంత చక్కటి మాటో చూడండి. కాని అదే మాటకు ముందు అతి అని తగిలిస్తే తిట్టయిపోతుంది.

ఇక చివర తగిలించిన ఇజం ఉంది చూశారూ, చిక్కంతా దానితోనే. తత్త్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఇంటెలెక్చువలిజం అంటే, కళ్ళు చెవులు చెప్పేదానికంటే బుద్ధి చెప్పేదే అసలైన జ్ఞానం అనే వాదం అంటారు. ఆ లోతుకు మనం ఇవాళ వెళ్ళక్కర్లేదు. మామూలు వాడుకలో దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆలోచనకు, చదువుకు విలువ ఇచ్చి బతకడం. రెండోది, ఆలోచనకే పెద్దపీట వేసి, మనసుకు గాని, చేతిపనికి గాని, ఎదుటి మనిషికి గాని చోటు లేకుండా చెయ్యడం. మొదటిది గుణం, రెండోది రోగం. ఒకే మాట రెండింటికీ వాడుతున్నాం గనక, ఎవరైనా మనల్ని మేధావి అన్నప్పుడు దండ వేశారా, దెబ్బ వేశారా అని ముఖం చూసి తెలుసుకోవలసి వస్తోంది.

దండ సంగతి ముందు చెబుతాను. దానికి మన ప్రాంతం వారే ఒకరు అద్దం పట్టి చూపించారు. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టింది ఎస్. రాయవరంలో. అది 2022 నుంచి మన అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన కన్యాశుల్కం మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన ప్రతి 1909లో వచ్చింది. అందులో గిరీశం మీకు తెలియనివాడు కాదు. వెంకటేశం వాళ్ళమ్మ వెంకమ్మగారు, అబ్బాయి ఇంగ్లీషు చదువు ఎంతవరకు వచ్చిందో విని ఆనందించాలని, ఇద్దరూ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడుకోమని అడుగుతుంది. ఇద్దరూ పిల్లల వాచకాల్లో ముక్కలు, పద్యాల్లో ముక్కలు ఒకరికొకరు అప్పగించుకుంటారు. ఒకదానికొకదానికి పొంతన ఉండదు. ఆ తల్లి ముచ్చటపడిపోతుంది.

చిన్నప్పుడు ఆ ఘట్టం చూసి నేను వెంకమ్మగారిని తలుచుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాదు. ఆవిడకు ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు. ఇంట్లో ఒక్కరు కూడా ఆవిడకు నేర్పిన పాపాన పోలేదు.   శబ్దానికి దండం పెట్టడం ఆనాడు వెంకమ్మగారు చేస్తే, ఈనాడు మనం వాట్సాప్‌లో చేస్తున్నాం. పెద్ద పెద్ద మాటలతో, ఏదో విదేశీ విశ్వవిద్యాలయం కనిపెట్టిందని రాగానే నలుగురికి పంపించేస్తాం. నేనూ పంపినదాన్నే.

అదే నాటకంలో మధురవాణి ఉంది. ఆవిడను ఎవరూ మేధావి అనరు. కాని నాటకం మొత్తంలో ఎదుటి మనిషి మాట వినగానే అందులో తాలెంత, గింజెంత అని ఏరగలిగింది ఆవిడే. గురజాడవారు ఆ తెలివిని ఎవరి తలలో పెట్టారో ఒకసారి ఆలోచించండి.

ఇక దెబ్బ సంగతి. ఇంటెలెక్చువల్స్ అనే మాట అంతకుముందు ఉన్నా, అందరి నోళ్ళలో పడింది ఫ్రాన్సు దేశంలో, 1898లో. అక్కడి సైన్యంలో డ్రైఫస్ అనే యూదు అధికారి ఉండేవాడు. దేశ రహస్యాలు అమ్మాడని 1894లో అతనికి శిక్ష వేసి, సముద్రం మధ్య దీవిలో బంధించారు. అతను చెయ్యలేదని తర్వాత ఆధారాలు బయటపడినా పై అధికారులు ఒప్పుకోలేదు. అప్పుడు ఎమిలీ జోలా అనే నవలా రచయిత 1898 జనవరి 13న ఒక పత్రికలో దేశాధ్యక్షుడికి బహిరంగ లేఖ రాసి, తప్పు చేసిన అధికారుల పేర్లు వరసగా చెప్పాడు. ఆ మర్నాటి నుంచి రచయితలు, ఆచార్యులు, శాస్త్రజ్ఞులు విచారణ మళ్ళీ జరగాలని సంతకాలు పెట్టారు. వాళ్ళను వెనకేసుకొచ్చినవాళ్ళు ఇంటెలెక్చువల్స్ అంటే, పడనివాళ్ళు అదే మాట పట్టుకుని ఎగతాళి చేశారు. పుస్తకాల పురుగులకు సైన్యం సంగతి ఏం తెలుసు, మీ పని మీరు చూసుకోండి అని దాని తాత్పర్యం. జోలాకు శిక్ష పడింది, దేశం విడిచి ఇంగ్లండు పారిపోవలసి వచ్చింది. 1906లో డ్రైఫస్ నిర్దోషి అని కోర్టు తేల్చేనాటికి జోలా బతికి లేడు.

చూశారా, ఈ మాటకు పుట్టుకలోనే వెక్కిరింత అంటుకుని ఉంది. నీకెందుకు, నీకేం తెలుసు అనే ప్రశ్నే దానికి పురుడు పోసింది. ఆ ప్రశ్న మనకు కొత్తదా చెప్పండి? మగవాడు నాలుగు ప్రశ్నలు అడిగితే ఆలోచనాపరుడు. ఆడది అవే నాలుగు ప్రశ్నలు అడిగితే నోరు పెద్దది, గడుసుది. కాస్త చదువుకున్న ఇల్లయితే గడుసుది అనడానికి మర్యాద అడ్డొస్తుంది గనక, నవ్వుతూ మేధావి అంటారు.

ఇప్పుడు నా తగాదా చెబుతాను.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. మావారు గుమాస్తా ఉద్యోగం చేసేవారు. ఒకనాటి సాయంత్రం ఆయనకు తెలిసినాయన ఒకరు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. నేను కాఫీలు తీసుకెళ్ళేసరికి బల్ల మీద కాగితాలున్నాయి. ఆయన ఏదో అప్పు తీసుకుంటున్నారట, మావారు హామీ సంతకం పెట్టాలట. ఊరికే ఫార్మాలిటీ అంటున్నారు. నేను గ్లాసులు అందిస్తూ ఒక్క మాట అడిగాను. "అన్నయ్యగారూ, ఒకవేళ మీకు వీలుపడక వాయిదా ఆగిపోతే, వాళ్ళు ముందు మిమ్మల్ని అడిగి, మీరు కాదన్నాకే మా దగ్గరకు వస్తారా? లేక తిన్నగా మా దగ్గరకే రావచ్చా? ఆ కాగితంలో ఏమని రాసుంది?"

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ వచ్చినాయన పకపకా నవ్వి, "మీ ఆవిడ మేధావండీ బాబూ, ఆవిణ్ణి లాయరు చెయ్యవలసింది" అన్నారు. మిగతావాళ్ళు నవ్వారు. మావారూ నవ్వారు. మావారు చెడ్డవారు కారు, నలుగురిలో ఇబ్బంది పడి నవ్వారు. నాకు చెంపలు వేడెక్కాయి. ఖాళీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. సంతకం అయిపోయింది.

ఏడాదిన్నర తిరక్కుండా నోటీసు వచ్చింది. ఆయన ఊరు మారిపోయారు. 26 నెలలు మావారి జీతంలోంచి డబ్బు కోతపడింది. మా అమ్మ పెట్టిన నాలుగు గాజుల్లో రెండు పోయాయి. పెద్దదాన్ని విశాఖపట్నంలో చదివిద్దామనుకున్నది ఆగిపోయి, ఇక్కడే ఏది దొరికితే ఆ కోర్సులో చేర్చాం. గాజుల గురించి ఇప్పుడు బాధ లేదు. పిల్ల చదువు గురించి ఉంది.

తర్వాత తెలుసుకున్నాను, నేను అడిగిన ప్రశ్నకు జవాబు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే, 128వ సెక్షనులో ఉందిట. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే బాధ్యత. ముందు వాణ్ణి అడిగి రండి అనడానికి మామూలుగా వీల్లేదు. నూట యాభై ఏళ్ళు దాటిన చట్టం! నా ప్రశ్న తెలివితక్కువది కాదు సరిగదా, ఆ గదిలో ఆ రోజు అడగవలసిన ప్రశ్న అదొక్కటే. దాన్ని ఎవరూ ఖండించలేదు, జవాబూ చెప్పలేదు. మేధావి అనే ఒక్క మాటతో నవ్వి పక్కకు నెట్టేశారు.

నిజానికి ఇందులో నా తప్పూ ఉంది. నవ్వితే నవ్వారు, నేనెందుకు లోపలికి వెళ్ళిపోవాలి? "నవ్వండి, నవ్వాక జవాబు చెప్పండి" అని అక్కడే ఎందుకు నిలబడలేదు? ఆ ఒక్కనాడే కాదు, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు, ఏ కాగితం గురించీ, ఏ మందు గురించీ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఇదే ఆ మాట చేసే అసలైన హాని.

ఆ బెరుకులోంచి నన్ను బయటపడేసినవాటిలో భండారు అచ్చమాంబగారి జీవితం ఒకటి. 1874లో పుట్టిన మనిషి. బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే ఆయన దగ్గర కూర్చుని అక్షరాలు పట్టుకున్నారు. కన్నబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖంలోనూ చదువు వదల్లేదు. ఆడవాళ్ళకు బలం లేదు, బుద్ధి లేదు, వివేకం లేదు అని లోకం అంటోంటే, ఆవిడ ఆ లోకంతో వాదులాటకు దిగలేదు. మరాఠీ, హిందీ, సంస్కృతం, ఎక్కడ దొరికితే అక్కడ వెతికి, చరిత్రలో నిజంగా బతికిన స్త్రీల జీవితాలు ఒక్కొక్కటే ఏరి, అబలా సచ్చరిత్ర రత్నమాల అని పుస్తకం కూర్చారు. మొదటి భాగం 1901లో వచ్చింది. ఫ్రాన్సులో ఆ గొడవ జరుగుతున్న కాలం, ఇక్కడ ఈవిడ రాస్తున్న కాలం ఇంచుమించు ఒకటే. ముప్ఫయి ఒకటో ఏట, 1905లో పోయారు. ఆవిడ మేధావి అని ఎవరైనా బిరుదిచ్చారో లేదో గాని, ఆవిడ దానికోసం ఆగలేదు.

అయితే, ఇంతవరకూ నా వైపు న్యాయమే చెప్పుకున్నాను. మిగతాదీ చెప్పకపోతే బాగుండదు.

పుస్తకాలు చదవడం మొదలెట్టాక, గ్రంథాలయానికి వెళ్ళి రావడం అలవాటయ్యాక, నాలో ఒక పొగరు బయల్దేరింది. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే అది తప్పు, పుస్తకంలో ఇలా ఉంది అనేదాన్ని. మా అత్తగారికి సంతకం చెయ్యడం తప్ప చదువు రాదు. ఒక సంక్రాంతికి అరిసెల కోసం ఆవిడ బెల్లం తెమ్మన్నారు. అనకాపల్లివాళ్ళం, బెల్లానికి కరువా? బంగారంలా మెరుస్తున్న లేత పసుపు బెల్లం ఏరి తెచ్చాను. ఆవిడ చేతిలో ముక్క తీసుకుని, గోటితో గీరి, నోట్లో వేసుకుని, "ఇది మందు కొట్టిన బెల్లమే తల్లీ. నల్లగా ఉన్నది పట్రా" అన్నారు. నేను నవ్వాను. "మీకు తెలీదు అత్తయ్యా, మార్కెట్లో రంగున్నదే మొదటి రకం, దానికే ధర ఎక్కువ" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. అచ్చం ఆనాడు నేను ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళినట్టే, ఆవిడ లేచి వెళ్ళిపోయారు. నాకు ఆ పోలిక తట్టడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత ఒకసారి బంధువుల ఊళ్ళో బెల్లం వండే చోటికి వెళ్ళాను. మనం బెల్లం ఊళ్ళో ఉంటాం గాని, బెల్లం ఎలా అవుతుందో చూసినవాళ్ళం ఎందరం? గానుగలోంచి వచ్చిన రసాన్ని వడకట్టి, వెడల్పాటి పెద్ద పెనంలో పోసి, ఎండబెట్టిన చెరకు పిప్పినే మంటగా వేసి కాస్తారు. కాస్త సున్నం వేస్తారు. కొన్నిచోట్ల బెండ మొక్కల జిగురు వేస్తారు. మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. అసలు కీలకం చివర్లో ఉంది. పాకం వచ్చిందా లేదా? ఒక క్షణం ముందు దించితే గడ్డకట్టదు, ఒక క్షణం ఆలస్యమైతే మాడుతుంది. శాస్త్రం ప్రకారం సుమారు 118 డిగ్రీల వేడి. అక్కడున్న పెద్దాయన దగ్గర ధర్మామీటరు లేదు. బుడగలు పగిలే తీరు చూస్తాడు, గరిటె నుంచి జారే తీగ చూస్తాడు, ఒక చుక్క చన్నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తాడు. "ఊఁ, దించండ్రా" అన్నాడు. అంతే.

ఆయన్నే అడిగాను, తెల్లబెల్లం సంగతి. హైడ్రోస్ అనే మందు కలిపితే రంగు తేలుతుందని, చూపులకు బాగుంటుంది గనక అడిగేవాళ్ళు ఉన్నారని, తన ఇంటికి మాత్రం అది కలపకుండా ముదురు రంగుది ఉంచుకుంటానని చెప్పాడు. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైటు. గంధకపు సంబంధం ఉన్న రసాయనం, మోతాదు మించితే ఒంటికి మంచిది కాదు. మా అత్తగారికి ఆ పేరు తెలియదు. గోరు, నాలుక చెప్పాయి. నాకు మార్కెట్ ధరల పట్టిక తెలుసు, మా అత్తగారికి బెల్లం తెలుసు!

అలాగని చదువు దండగ, అనుభవం ఒక్కటే చాలు అంటే నేను ఒప్పుకోను. అది ఇంకో రకం పొగరు. మన ఊళ్ళోనే చెరకు పరిశోధన కేంద్రం ఉంది. 1913లో మొదలైంది. ఎర్రకుళ్ళు తెగులు వచ్చి తోటలకు తోటలు పోతుంటే, ఎంత అనుభవం ఉన్న రైతైనా చూసి ఏడవడం తప్ప ఏం చెయ్యగలడు? ఆ తెగులును తట్టుకునే రకాలు తయారు చెయ్యడానికి, ఏళ్ళ తరబడి మొక్క పక్కన మొక్క పెట్టి, పనికొచ్చేది ఏరి, పనికిరానిది పారేసి చూసిన మనుషులు కావాలి. వాళ్ళు పుస్తకాలు చదివినవాళ్ళే. పెనం దగ్గర పెద్దాయన ఏరేది చూపుతో, వీళ్ళు ఏరేది లెక్కలతో. ఒకరినొకరు నీకేం తెలుసు అనుకున్న రోజున ఇద్దరూ నష్టపోతారు, మధ్యలో బెల్లం తినే మనమూ నష్టపోతాం.

ఇటలీలో గ్రాంసీ అని ఒకాయన ఉండేవాడు. ప్రభుత్వం 1926లో జైల్లో పెడితే అక్కడే నోటుపుస్తకాలు నింపాడు. మనుషులంతా మేధావులేనని, కాని సమాజంలో ఆ హోదా, ఆ పని కొందరికే అప్పజెబుతారని ఆయన రాశాడు. గొప్ప మాటే. అయితే ఆయన చెప్పాడు గదాని అందరం గొప్పవాళ్ళమే అని చంకలు గుద్దుకోవడానికి కాదు. ఏరే శక్తి అందరిలో ఉన్నా, ఏరే పని అందరం చెయ్యం. బద్ధకం ఉంది, భయం ఉంది, ఎదుటివాడు నవ్వుతాడనే సిగ్గు ఉంది.

మా అత్తగారికి నేను క్షమాపణ చెప్పానో లేదో అని మీకు సందేహం రావచ్చు. నోటితో చెప్పలేదు. కోడళ్ళకు, అత్తలకు ఆ మాటలు అంత తొందరగా రావు. తర్వాతి సంక్రాంతికి ముదురు బెల్లం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "చూడండత్తయ్యా, ఇది పనికొస్తుందా?" అన్నాను. ఆవిడ గీరి చూసి, "ఆఁ" అన్నారు. ఆ ఏడాది పాకం ఆవిడ పడుతుంటే నేను పక్కన కూర్చుని, ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుంది అని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పారు. ఇప్పుడు ఆవిడ లేరు. పాకం నాకు ఇంకా అప్పుడప్పుడు ముదిరిపోతూనే ఉంది.

మా అక్క కూతురికి ఇదంతా చెప్పాను. అది రాసుకుని, వెళ్తూ వెళ్తూ, "ఇంతకీ తెలుగు మాట చెప్పలేదు పిన్నీ" అంది. మేధావితనం అనుకో అన్నాను. మంచిదానికీ అదే అను, చెడ్డదానికీ అదే అను, ఏ అర్థంలో అంటున్నావో మాత్రం విప్పి చెప్పు అన్నాను. పోటీలో దానికి బహుమతి రాలేదు. జడ్జీల్లో ఒకాయన, వంటింటి ఉదాహరణలు ఎక్కువయ్యాయి అన్నారట. అది కోపంగా ఇంటికి వచ్చి చెప్పింది. "ఎందుకు ఎక్కువయ్యాయో ఆయన్ని అడిగావా?" అన్నాను. "అడిగాను" అంది. "నవ్వారు. నేను అక్కడే నిలబడ్డాను. అప్పుడు చెప్పారు, డ్రైఫస్ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పి ఉంటే బాగుండేదని. అది నిజమే పిన్నీ, అక్కడ తొందరపడ్డాను" అంది.

మావారు ఇప్పుడు ఏ కాగితం వచ్చినా, బ్యాంకుదైనా, ఇన్సూరెన్సుదైనా, ముందు నా కళ్ళజోడు తెచ్చి దాని మీద పెడతారు. మొన్న గ్యాసువాళ్ళ కాగితం మీద కూడా పెట్టారు. అది మరీ ఎక్కువే అనుకోండి. అయినా చదివాను.